బెయాత్రిస్ సంచీలో దొరికినవి

పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో రుజువుగా చెల్లదని మన పాత సాక్ష్యాధార చట్టం 1872 నుంచీ చెబుతూ వచ్చింది. ముప్పై ఏళ్లు క్రిమినల్ కేసులు వాదించిన మా అన్నయ్యను నిద్రలో లేపి అడిగినా ఆ ఇరవై ఐదో సెక్షన్ అప్పజెప్పేస్తాడు. మొన్న సంక్రాంతికి అందరం కలిసినప్పుడు, నేను చదువుతున్న మోంటాయూ అనే ఫ్రెంచి పల్లెటూరి సంగతులు ఉత్సాహంగా చెప్పుకుపోతుంటే ఆయన కాసేపు విని, "ఒరేయ్, పోలీసు ముందు ఒప్పుకున్నదే చెల్లదంటుంటే, మంటల్లో కాల్చేస్తాడేమోనని వణుకుతూ బిషప్ ముందు ఒప్పుకున్నది నీకెలా చెల్లిందిరా? దాన్ని పట్టుకుని వాళ్లు ఏం తిన్నారో, ఎవరి పక్కన పడుకున్నారో కూడా రాసేశారా?" అన్నాడు. అప్పటికి నా దగ్గర జవాబు లేదు. భోజనాలకు పిలుపు రావడంతో పరువు దక్కింది గానీ, ఆ ప్రశ్న మాత్రం నాతోపాటు ఇంటికి వచ్చేసింది.

ఫ్రెంచి చరిత్రకారుడు లెరువా లదురీ 1975లో ప్రచురించిన మోంటాయూ చరిత్ర మధ్యయుగపు పల్లెజీవితం మీద ఆసక్తి ఉన్నవాళ్లందరికీ తెలిసినదే కాబట్టి దాని కథ మళ్లీ చెప్పను. దాని కింద ఉన్న ఆధారం గురించే నా మాట. పిరనీస్ కొండల్లో, ఫ్వా ప్రభువుల ఏలుబడిలో ఉన్న ఆ ప్రాంతానికి 1317లో పామియే బిషప్‌గా వచ్చిన జాక్ ఫూర్నియే, ముఖ్యంగా చర్చి మతద్రోహంగా ఎంచిన కాథార్ శాఖను అనుసరిస్తున్నారన్న అనుమానం ఉన్నవాళ్లను 1318 నుంచి 1325 వరకు విచారించాడు. మొత్తం 98 కేసులు, 578 విచారణలు, అందుకు పట్టిన రోజులు 370. ఆ వాంగ్మూలాల పుస్తకం ఇప్పుడు వాటికన్ గ్రంథాలయంలో 4030వ నంబరు లాటిన్ ప్రతిగా ఉంది. ఫూర్నియే 1334లో పన్నెండో బెనెడిక్ట్ పేరుతో పోపు అయ్యాడు కాబట్టి ఆ పుస్తకం ఆయనతోపాటు అప్పట్లో పోపులుండే అవిన్యోన్‌కు, అక్కడి నుంచి తర్వాతి కాలంలో రోముకు చేరింది. ఆయన కొండల మధ్య ఒక చిన్న బిషప్‌గానే కన్నుమూసి ఉంటే అది ఏ ఎలుకల పాలయ్యేదో! మనకు మిగిలిన ఆధారాల్లో ఎన్ని ఇలా ఒక మనిషి ప్రమోషన్ పుణ్యాన బతికాయో ఎవరు లెక్కపెట్టగలరు?

ఎవరి నోటి మాట

అన్నయ్య ప్రశ్న భయం గురించి. కానీ భయం దాకా వెళ్లకముందే ఇంకొక చిక్కు ఉంది. ఆ పల్లెవాళ్లు మాట్లాడింది ఆక్సితాన్ భాష, పుస్తకం ఉన్నది లాటిన్‌లో. విచారణ జరుగుతుండగా లేఖకుడు గబగబా రాసుకున్నది ఒకటి, తర్వాత తీరిగ్గా లాటిన్‌లో తయారైన చిత్తుప్రతి ఇంకొకటి. దాన్ని నిందితుడికి అతని భాషలో చదివి వినిపించి ఔననిపించాక, తోలు కాగితం మీదికి ఎక్కించిన సాఫుప్రతి మరొకటి. మనం చదువుతున్నది ఈ చివరిది. అందులో ఎక్కువ భాగం "ఆమె ఇలా చెప్పింది", "అతడు తాను చూశానన్నాడు" అనే ధోరణిలో నడుస్తుంది. లదురీ దాన్ని చాలాచోట్ల "నేను చూశాను, నేను అన్నాను" అని ఉత్తమపురుషలోకి తిప్పాడు. చదువుతున్నప్పుడు ఏడు వందల ఏళ్ల కిందటి కాపు మన అరుగు మీద కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంటుంది. ఆ పుస్తకం అందమంతా అక్కడే ఉంది, నా అభిప్రాయంలో దాని దోషమూ అక్కడే ఉంది. తర్వాతి రోజుల్లో వాటికన్ గ్రంథాలయానికి అధిపతి అయిన లెనార్డ్ బాయిల్ ఆ పుస్తకాన్ని లాటిన్ మూలంతో సరిపోల్చి తప్పులు చూపించాడు కూడా.

నోటి మాటకూ కాగితం మీది మాటకూ ఎంత దూరమో నాకు బాయిల్ కన్నా ముందు మా నాయనమ్మ నేర్పింది. మా పొలం గట్టు తగాదాలో ఆమె ఒకసారి ఒక అధికారి ముందు వాంగ్మూలం ఇచ్చింది. దాని నకలు మా ఇంటి ట్రంకుపెట్టెలో ఇప్పటికీ ఉంది. "ఆ తాడిచెట్లు మా మాంగారు వేసినవేనండీ, నేను కాపరానికి వచ్చేటప్పటికి మోకాలెత్తున్నాయి" అన్నానని ఆమె మాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. కాగితంలో ఉన్నది ఇది: "సదరు గట్టుపై గల తాడిచెట్లు సుమారు నలుబది సంవత్సరముల వయస్సు గలవనియు, అవి నా మామగారి స్వాధీనానుభవములో నుండెననియు నాకు స్వయముగా తెలియును." చివరన, "చదివి వినిపించగా విని సరియని ఒప్పుకొంటిని." మోకాలెత్తు మొక్కలు మాయమయ్యాయి, ఆమె అనని నలభై ఏళ్లు వచ్చి కూర్చున్నాయి. అయినా ఆ కాగితం అబద్ధమని అనలేను. ఆమె చెప్పదలచుకున్న విషయమే అందులో ఉంది, కాకపోతే అది అధికారికి కావలసిన రూపంలో ఉంది. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి: ఆమె మాతో చెప్పిన మాటే అధికారి ముందూ అన్నదనడానికి మా ఇంటి జ్ఞాపకం తప్ప నా దగ్గర వేరే రుజువు లేదు. ప్రతిసారీ చెప్పేటప్పుడు కథ కొంచెం పదునెక్కడం మానవసహజం.

పామియేలో నిందితులకు చదివి వినిపించిన ఘట్టాన్ని కూడా నేను ఈ కళ్లతోనే చూస్తాను. బిషప్ ఎదురుగా నిలబడి, తన మాటలు లాటిన్ నుంచి మళ్లీ తన భాషలోకి దిగివస్తుంటే విని, "అయ్యా, నేనన్నది అది కాదు" అని చెప్పగల గొర్రెల కాపరులు ఎంతమంది ఉంటారు?

ఒకే పుస్తకం, ఇద్దరు సాక్షులు

ఇంతవరకూ వస్తే అన్నయ్యే గెలిచినట్టు కనిపిస్తుంది. భయం, అనువాదం, లేఖకుడి అలవాటు, ఇన్ని పొరల కింద నుంచి నిజం ఎలా తవ్వుతాం, మొత్తం కొట్టిపారేద్దాం అనిపిస్తుంది. నన్ను అక్కడ ఆపినది ఆ పుస్తకంలోని ఇద్దరు మనుషులు.

మొదటి మనిషి బెయాత్రిస్ ద ప్లానిసోల్. మోంటాయూ కోట అధికారి భార్యగా బతికి, విధవ అయి, ఆ ఊరి చర్చి పూజారి పియర్ క్లెర్గ్‌తో కొంతకాలం సంబంధం నడిపిన స్త్రీ. 1320లో బిషప్ పిలిపిస్తే ఒకసారి హాజరై, తర్వాత భయపడి పారిపోయింది. పట్టుకున్నప్పుడు ఆమె సామానులో ఎండిన బొడ్డుతాళ్లు రెండు, నెత్తుటి మరకలున్న గుడ్డపీలికలు, సాంబ్రాణి పలుకులు, అద్దం, చిన్న చాకు వంటివి దొరికాయి. చేతబడి సామగ్రి అని ఎవరికైనా అనుమానం వచ్చే సరుకే. ఒక్కొక్కటీ ఎందుకు ఉంచుకున్నావని అడిగారు. బొడ్డుతాళ్లు తన కూతుళ్లకు పుట్టిన మగపిల్లలవనీ, అవి దగ్గరుంటే వ్యాజ్యంలో ఓడిపోరని, యూదు మతం నుంచి క్రైస్తవంలోకి మారిన ఒకామె తనకు చెప్పిందనీ ఆమె జవాబిచ్చింది. నెత్తుటి గుడ్డలు తన కూతురి తొలి ముట్టువనీ, పెళ్లయ్యాక అల్లుడి మనసు మరో ఆడదాని మీదికి పోకుండా ఉండేందుకనీ చెప్పింది. సాంబ్రాణి మాత్రం కూతురి తలనొప్పికి మందుగా ఉంటుందని ఉంచుకున్నదట. బొడ్డు ముక్కను తాయెత్తులో పెట్టి పిల్లవాడి మొలకు కట్టే ఇళ్లలో పెరిగిన మనకు ఆ సంచీని చూసి నవ్వు రాదు.

రెండో మనిషి గియోమ్ అగాస్. పామియే దగ్గరి కుష్ఠురోగుల ఆశ్రమానికి పెద్ద. 1321లో దక్షిణ ఫ్రాన్సు అంతటా కుష్ఠురోగులు బావుల్లో విషం కలుపుతున్నారన్న పుకారు లేచి, రాజు అయిదో ఫిలిప్ వాళ్లందరినీ నిర్బంధించమని ఆజ్ఞ ఇచ్చిన ఏడాది అది. చిత్రహింసకు గురైన అగాస్ ఒప్పుకున్నాడు. పేర్లు చెప్పాడు, చోట్లు చెప్పాడు. విచారణ విచారణకూ కథ పెరిగింది. చివరికి అందులోకి గ్రనడా రాజూ, బాబిలోన్ సుల్తానూ వచ్చి చేరారు. క్రైస్తవులను చంపేస్తే ఊళ్లూ అధికారాలూ రోగులకు పంచిపెడతామని వాళ్లు మాట ఇచ్చినట్టు నమోదైంది.

ఇద్దరి వాంగ్మూలాలూ ఉన్నది ఒకే పుస్తకంలో. ఇద్దరినీ విచారించినది ఒకే బిషప్ కచేరీ, ఇద్దరి మాటలూ వచ్చినది అదే లాటిన్‌లోకి. ఒకదానిలో వివరం ఎక్కువా మరొకదానిలో తక్కువా అంటే అదీ కాదు. అగాస్ చెప్పిన వివరాలు తక్కువేం కాదు. అంటే "ఈ ఆధారం నమ్మదగినదా?" అని పుస్తకం మొత్తం మీద అడిగే ప్రశ్నకు అర్థమే లేదు. అవునంటే విషం కుట్రను నమ్మాలి, కాదంటే బొడ్డుతాళ్లను పారేయాలి. నా వాదన ఇంతే: నమ్మకాన్ని పుస్తకానికి కాదు, వాక్యానికి ఇవ్వాలి. ఈ వాక్యం ఏ ప్రశ్నకు జవాబుగా పుట్టింది, అడిగినవాడికి ఏ జవాబు ముందే సిద్ధంగా ఉంది, చెప్పినవాడికి దానివల్ల ఏం ఒరిగింది అన్నది ప్రతి వాక్యం దగ్గరా విడిగా తేల్చుకోవాలి. అగాస్‌ను అడిగినవాళ్లకు జవాబు ముందే తెలుసు. రాజ్యమంతా ఆ జవాబునే వల్లిస్తోంది. అగాస్ దాన్ని నింపి ఇచ్చాడు. బొడ్డుతాడుకు వ్యాజ్యం గెలిపించే గుణం ఉందన్న మాట బిషప్ చేతిలో ఉన్న ఏ ప్రశ్నావళిలోనూ లేదు, అది బెయాత్రిస్ వైపు నుంచే రావాలి.

ఇక్కడ నా వాదనలోనే ఒక లొసుగుంది. బెయాత్రిస్ చెప్పినవి కూడా తనను కాపాడుకునే మాటలే కదా! కాథార్ శాఖకు సంబంధించినవి కాదని చూపించుకోవడానికి ఆడవాళ్ల మూఢనమ్మకాలుగా వాటిని తేల్చేసి ఉండవచ్చు. ఆ సలహా చెప్పినామె యూదురాలు కావడం కూడా నాకు అంత అమాయకంగా అనిపించదు, ఎందుకంటే నెపం వేయడానికి ఆ కాలంలో అంతకన్నా సులువైన మనిషి దొరకదు. కాబట్టి ఆ సలహా ఎవరిచ్చారన్న వాక్యాన్ని నేను పక్కన పెడతాను. అయితే అబద్ధమైనా సరే, బిషప్ నమ్మేటంత సహజంగా ఉండాలి. బొడ్డుతాడు దాచుకోవడం ఆ ఊళ్లలో ఎవరూ ఎరగని పని అయితే ఆ సాకు చెల్లదు. సాకును తీసేసినా సాకు నిలబడిన నేల మిగులుతుంది. అబద్ధం కూడా ఆ కాలపు జీవితానికి సాక్ష్యమే అని నేను నమ్మేది ఈ అర్థంలో.

అన్నయ్యకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "నువ్వు చెప్పేది ఇరవై ఏడో సెక్షన్‌రా" అన్నాడు. పోలీసు కస్టడీలో ఉన్నవాడు చెప్పిన దాన్నిబట్టి ఏదైనా వస్తువు బయటపడితే, ఆ వస్తువుకు నేరుగా సంబంధించిన ముక్కను మాత్రం కోర్టు తీసుకుంటుంది, మిగిలిన ఒప్పుకోలు పక్కకు పోతుంది. ఒకే వాంగ్మూలాన్ని ముక్కలు చేసి ఒక ముక్కను నమ్మడం చట్టానికీ కొత్త కాదన్నమాట. అయితే సంచీ ముందే దొరికింది కాబట్టి బెయాత్రిస్ కేసుకు ఆ సెక్షన్ వర్తించదని కూడా వెంటనే అన్నాడు. వకీలు వకీలే. నేను ఇంకొక తేడా గుర్తుచేశాను: న్యాయమూర్తి ఆమె దోషి అవునో కాదో తేల్చాలి, చరిత్రకారుడికి ఆ అవసరం లేదు. ఆమెకు 1321లో జైలుశిక్ష పడింది, 1322లో బట్టల మీద పసుపు శిలువలు కుట్టుకుని తిరగాలన్న షరతు మీద విడుదలయింది. ఆ తీర్పు సరైనదా కాదా అన్నది చరిత్రకారుడి పని కాదు. ఆమె సంచీ ఆయన పని.

పేలు కుక్కుకుంటూ చెప్పిన మాటలు

చరిత్రకారుల్లో చాలాకాలంగా ఒక నమ్మకముంది: మనకు చెప్పాలని రాసినదాని కన్నా, చెప్పాలన్న ఉద్దేశం లేకుండా బయటపడినదే ఎక్కువ నమ్మదగినది అని. ఫ్రెంచి చరిత్రకారుడు మార్క్ బ్లాక్ ఈ తేడాను గట్టిగా చెప్పాడు. నేనూ చాలా ఏళ్లు దీన్ని సూత్రంలా పట్టుకున్నాను. రాజుల విజయాలు రాసిన ఆస్థాన చరిత్రలు పక్కన పెట్టు, పన్నుల చిట్టాలూ కోర్టు కాగితాలూ చదువు అన్నది దాని సారం. ఇప్పుడు ఆ సూత్రం మీద నా నమ్మకం కొంచెం సడలింది.

మోంటాయూ వాంగ్మూలాల్లో పేలు చూసే దృశ్యాలు పదేపదే వస్తాయి. ఆడవాళ్లు ఎండలో కూర్చుని ఒకరి తల ఒకరు చూస్తుంటారు. బెయాత్రిస్ పియర్ క్లెర్గ్ తల చూస్తుంటే ఆయన ఊరి ఆడవాళ్ల గురించీ మతం గురించీ కబుర్లు చెబుతుంటాడు. పేలు చూసినందుకు ఎవరినీ శిక్షించరు, కాబట్టి అందులో అబద్ధం చెప్పవలసిన పని లేదు. అడిగినవాడికీ చెప్పినవాడికీ అక్కర లేని వాక్యం కనుక దాన్ని ధైర్యంగా నమ్మవచ్చు. కానీ విచారణలో పూర్తిగా అక్కర లేని వాక్యం ఉంటుందా? ఆ మాటలు ఎక్కడ జరిగాయి, ఎవరెవరు ఉన్నారు అని బిషప్ గుచ్చిగుచ్చి అడిగేవాడు. సాక్షికి ఒక దృశ్యం కావాలి. ఆ ఊళ్లో ఇద్దరు మనుషులు తీరిగ్గా, ఏకాంతంగా, దగ్గరగా కూర్చునేందుకు అందరూ ఒప్పుకునే సందర్భం పేలు చూడడమే. కాబట్టి అలాంటి కూర్చోవడం మామూలని నమ్ముతాను, ఫలానా రోజున ఫలానా మాట పేలు చూస్తుండగానే అన్నదని మాత్రం అంత గట్టిగా నమ్మను.

ఇవే పేలను చూపించి మధ్యయుగపు యూరప్‌వాళ్లు జన్మలో స్నానం చేయలేదని చెప్పే వీడియో ఒకటి మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో నెలకొకసారి తిరుగుతుంటుంది. 1268 ప్రాంతంలో నగరాధికారి ఎతియెన్ బ్వాలో పారిస్ వృత్తులవాళ్ల కట్టుబాట్లు రాయించినప్పుడు, స్నానశాలలవాళ్లు తెల్లవారకముందే వీధుల్లో కేకలు వేసి జనాన్ని పిలవకూడదన్న నియమం కూడా చేరింది. ఎవరూ రాని అంగడికి ఎవరూ చీకటితో లేచి కేకలు వేయరు. పారిస్ నియమంతో పిరనీస్ పల్లెను కొలవలేమన్నది నిజమే. పిరనీస్ పేలతో పారిస్‌నూ కొలవలేం కదా.

అంకెల సంగతి

వాంగ్మూలాల్లో ఇంత గొడవ ఉంది కాబట్టి అంకెలున్న ఆధారాలు సురక్షితమని అనుకునేవాళ్లున్నారు. ఫ్లోరెన్స్ నగర ప్రభుత్వం 1427లో పన్ను కోసం తన ఏలుబడిలోని దాదాపు 60 వేల కుటుంబాల ఆస్తులూ మనుషుల వయసులూ రాయించింది. మధ్యయుగపు కుటుంబాల గురించి అంతటి అంకెల గని చాలా అరుదు. అందులో వయసులు చూస్తే జనమంతా నలభై, యాభై, అరవై దగ్గర గుంపులుగా పోగుపడి ఉంటారు, ముప్పై తొమ్మిదీ నలభై ఒకటీ దాదాపు ఖాళీ. మా బడి రిజిస్టర్ ప్రకారం మా ఊరి పిల్లల్లో సగంమంది జూన్‌లో పుట్టారు. అది చదివి మా ఊళ్లో కాన్పుల కాలం గురించి ఎవరైనా సిద్ధాంతం చేస్తే ఎలా ఉంటుంది! ఫ్లోరెన్స్ చిట్టాతో పనిచేసిన చరిత్రకారులు ఈ గుంపులను ముందే గుర్తించి, సర్దుబాటు చేసుకునే లెక్కలు వేశారు. ఇంకో మెట్టు పైకి వెళ్తే ఆ గుంపులే సమాచారం: ఆ కాలపు మనిషికి తన వయసు ఖచ్చితంగా తెలుసుకోవలసిన అవసరం ఎంత తక్కువో అవి చెబుతాయి.

అన్నిటికన్నా ఎక్కువగా నన్ను వెంటాడే లోటు మాత్రం వేరు. ఫూర్నియే పుస్తకంలో నిందితులుగా కనిపించేవాళ్లు 114 మంది, వాళ్లలో మోంటాయూవాళ్లు 25 మందే. రెండు వందల పైచిలుకు జనం ఉన్న ఊరు అది. మతం గురించి ఏ గొడవా లేకుండా పొలం పని చేసుకుని, ఎవరి కంటా పడకుండా పోయినవాళ్ల తలలో పేలు ఎవరు చూశారో ఏ లేఖకుడూ రాయలేదు. ఊరి చరిత్ర అని మనం చదువుతున్నది ఊళ్లో చిక్కుల్లో పడినవాళ్ల చరిత్ర. వాక్యం వాక్యాన్నీ జల్లెడ పట్టమని ఇంతసేపు చెప్పిన నా పద్ధతికి రాయని వాక్యం దగ్గర చేయగలిగింది ఏమీ లేదు.

అన్నయ్య పోయిన వారం మా ఇంటికి వచ్చినప్పుడు నాయనమ్మ వాంగ్మూలం చూస్తానన్నాడు. ట్రంకుపెట్టెలోంచి తీసి ఇచ్చాను. కళ్లజోడు పైకి నెట్టుకుని సదరులన్నీ దాటుకుంటూ చివరిదాకా చదివి, అక్కడి నల్లటి వేలిముద్ర మీద వేలు పెట్టి, "ఇదేమిట్రా?" అన్నాడు. వారపత్రికలో సీరియల్ ఆలస్యమైతే తపాలా బంట్రోతును నిలబెట్టి అడిగే మనిషి మా నాయనమ్మ. పాలవాడి లెక్క, చాకలి పద్దు, పండగ ఖర్చు అన్నీ ఆమె చేతిరాతలోనే ఉండేవి. ఆ కాగితం కింద మాత్రం "నిశాని" అని రాసి, పక్కన ఆమె ఎడమ బొటనవేలి ముద్ర ఉంది. సంతకం వచ్చా అని ఆమెను ఎవరైనా అడిగారో లేదో కాగితంలో లేదు.